‘నేను సిగ్గరిని’ అంటోంది మా పాప

ప్రశ్న: మా పాపకు అయిదున్నరేళ్లు, బాబుకు మూడేళ్లు. ఇంట్లో పాప గలగలా మాట్లాడుతుంది, తమ్ముడి మీద పెత్తనం చేస్తుంది. బయటివాళ్లు వస్తే మాత్రం నా వెనక్కి చేరిపోతుంది. పేరడిగినా చెప్పదు. వచ్చినవాళ్లు నొచ్చుకోకూడదని ‘మా పాప కాస్త సిగ్గరి అండీ’ అని నేనే సర్దిచెబుతుంటాను. మొన్న పక్కింటావిడ పలకరిస్తే నా వెనక నుంచి తొంగిచూసి ‘నేను సిగ్గరిని’ అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం మనసులో కలుక్కుమంది. స్కూల్లో ఇద్దరు స్నేహితులున్నారు. టీచరు అడిగితే మెల్లగా జవాబు చెబుతుందట గానీ తనంతట తాను చెయ్యెత్తదట. ‘పెద్దయితే అదే పోతుంది’ అంటారు మావారు. ‘నలుగురిలోకి తోస్తే అదే అలవాటవుతుంది’ అంటారు మా అత్తగారు. ఇది పుట్టుకతో వచ్చిన గుణమా, మేం చేసిందా? ఇప్పుడేం చెయ్యాలి?

జవాబు: ముందుగా ఒక సంగతి గమనించండి. పక్కింటావిడ పలకరించినప్పుడు మీ పాప మౌనంగా ఉండిపోలేదు, బదులిచ్చింది. అదీ ముక్కలుగా కాదు, నిండు వాక్యంలో, తొంగిచూసి మరీ. మీరంతా ఆ వాక్యం అర్థం విని నవ్వారు, నొచ్చుకున్నారు. ఆమె ఒక బయటి మనిషితో మాట్లాడిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆ వాక్యం ఆమెకు దొరికింది మీ దగ్గరే. ‘మా పాప సిగ్గరి’ అన్న మాటను తీసుకుని, చివర ‘ని’ చేర్చి తనకు తగిలించుకుంది. మన భాషలో ఆ చిన్న అక్షరం చేసే పని పెద్దది. ‘సిగ్గరివి’ అని ఎవరో అన్నది ‘సిగ్గరిని’ అయ్యేసరికి, బయటి నుంచి వచ్చిన మాట మనిషిలో భాగమైపోతుంది. మీరు అడిగినదానికి పొట్టి జవాబు కావాలంటే ఇదీ: బెరుకు పుట్టుకతో వచ్చి ఉండవచ్చు, ‘సిగ్గరి’ మాత్రం ఇంట్లో తయారైంది. ఈ రెండింటినీ విడదీస్తే తప్ప ఏం చెయ్యాలో తేలదు కాబట్టి కాస్త వెనక్కి వెళ్దాం.

ఎనిమిది తొమ్మిది నెలల పిల్లలకు కొత్తా పాతా తెలుస్తుంది. కొత్త మొహం కనిపిస్తే ఏడుస్తారు. అది సిగ్గు కాదు, భయం. ఏడాది వచ్చేసరికి, దేనికి భయపడాలో అమ్మ మొహం చూసి తెలుసుకోవడం బాగా అలవడుతుంది. 1985లో ప్రచురించిన ఒక అమెరికా ప్రయోగంలో ఏడాది పిల్లల్ని ఒక బల్ల మీద వదిలారు. బల్ల సగం మామూలుగా ఉంటుంది, మిగతా సగం గాజు. గాజు కింద లోతు ఉన్నట్టు కనిపిస్తుంది. అవతలి చివర తల్లి నిలబడింది. తల్లి నవ్వుమొహంతో ఉన్నప్పుడు 19 మందిలో 14 మంది గాజు దాటి వచ్చారు. తల్లి భయపడ్డ మొహం పెట్టినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. లోతు అందరికీ ఒకటే. మీ ఇంటి తలుపు చప్పుడైనప్పుడు పాప ముందు చూసేది తలుపు వైపా, మీ మొహం వైపా? ఈ వారం గమనించండి. ‘ఇప్పుడు ఇది మాట్లాడదు, వాళ్లేమనుకుంటారో’ అన్న ఆదుర్దా మీ కనుబొమల్లో కనిపిస్తే, కొత్తవాళ్లు రావడం ఇబ్బందికరమైన విషయమేనని ఆమెకు అర్థమవుతుంది.

ఆ తర్వాతిది అద్దం. పిల్లకు తెలియకుండా ముక్కు మీద చిన్న రంగు చుక్క పెట్టి అద్దం ముందు నిలబెట్టే పరీక్ష ఒకటుంది. బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ అనే పరిశోధకురాలు 1972లో ప్రచురించారు. ఏడాది పిల్లలు అద్దంలోని పిల్లతో ఆడుకుంటారు. 18 నుంచి 24 నెలల మధ్య చాలామంది చెయ్యి తమ ముక్కు మీదికే పోతుంది. ‘అది నేనే’ అని తెలిసింది కాబట్టి. ఇంచుమించు అదే కాలంలో అసలు సిగ్గు కూడా మొదలవుతుంది. అందరూ తమవైపు చూస్తే తలవంచి నవ్వడం, మొహం దాచుకోవడం అద్దంలో తమను గుర్తుపట్టిన పిల్లల్లోనే ఎక్కువగా కనిపిస్తుందని 1989లో మనస్తత్వవేత్త మైకేల్ లూయిస్ బృందం చూపించింది. అంటే సిగ్గుపడాలంటే ముందు ‘నేను’ ఉండాలి. మీ పాప మీ వెనక దాక్కోవడం లోపం కాదు. ఎదుటివాళ్ల కళ్లలోంచి తనను తాను చూసుకోవడం ఆమెకు వచ్చిందనడానికి గుర్తు.

‘నేను’ అన్న మాట కూడా తేలిగ్గా రాదు. కుర్చీని ఎవరు పిలిచినా కుర్చీ అనే అంటారు. ‘నేను’ మాత్రం పలికే నోటిని బట్టి మారిపోతుంది. అందుకే కొందరు పిల్లలు మొదట తమను పేరుతో చెప్పుకుంటారు. ‘తింటావా?’ అంటే ‘తింటావు’ అని బదులిచ్చే పిల్లలూ ఉంటారు. మన క్రియల చివర కూడా మనిషి ఉంటాడు మరి! మూడేళ్లకల్లా చాలామందికి ఇది సర్దుకుంటుంది. మీ బాబు ఇప్పుడు సరిగ్గా ఆ గట్టున ఉన్నాడు, అతని సంగతి తర్వాత చెప్పుకుందాం.

అమెరికా సామాజికశాస్త్రవేత్త చార్లెస్ కూలీ 1902లో మనిషికి తన గురించి కలిగే ఊహను అద్దంలో బొమ్మతో పోల్చాడు. అందులో మూడు మెట్లున్నాయి. ఎదుటివాళ్లకు నేనెలా కనిపిస్తున్నానో ఊహించుకోవడం మొదటిది. అది చూసి వాళ్లేమనుకుంటున్నారో ఊహించుకోవడం రెండోది. ఆ ఊహను బట్టి పొంగిపోవడమో కుంగిపోవడమో మూడోది. మొదటి రెండూ ఊహలేనన్నది ఇక్కడ ముఖ్యం. ఎదుటివాళ్లు నిజంగా ఏమనుకున్నారన్నది పిల్లకు తెలియదు. మొన్నటి నవ్వు సంగతే తీసుకోండి. మీరు ముద్దొచ్చి నవ్వారు. ఆమెకు అది ‘నన్ను చూసి నవ్వారు’ అనిపించి ఉండవచ్చు, లేదా ‘ఈ మాటంటే అందరూ మెచ్చుకుంటారు’ అనిపించి ఉండవచ్చు. రెండోదైతే ఆ వాక్యం మళ్లీ మళ్లీ వింటారు. మొదటిదైతే ఈసారి తొంగి కూడా చూడదు. రెండూ మనకు అక్కర్లేనివే.

కూలీ తర్వాత అమెరికా తత్వవేత్త జార్జ్ హెర్బర్ట్ మీడ్ ఇంకో అడుగు వేశాడు. చిన్నపిల్లలు ఒకసారి టీచరుగా, ఇంకోసారి డాక్టరుగా ఆడుకుంటారు, ఒక్కోసారి ఒక్క వేషం. నియమాలున్న ఆటలో అలా కుదరదు. తన వంతు ఎప్పుడొస్తుందో, మిగతావాళ్లు ఏం చేస్తారో అందరి స్థానాలూ ఒకేసారి మనసులో పెట్టుకోవాలి. అలా మెల్లగా ఒక ‘అందరూ’ మనసులో కుదురుకుంటారు. దీనికి మీడ్ ఒక బరువైన పేరు పెట్టాడు గానీ మనకు ఎప్పట్నుంచో తేలికైన మాటే ఉంది: నలుగురు. ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్నప్పుడు ఆ నలుగురు ఎవరని లెక్కపెట్టం. అయిదున్నరేళ్ల పిల్లలో ఆ నలుగురు ఇప్పుడిప్పుడే తయారవుతుంటారు. అందుకే మీ అత్తగారి సలహా ఇప్పుడు పనికిరాదు. మనసులో నలుగురు ఇంకా కుదురుకోని పిల్లను బయటి నలుగురిలోకి తోస్తే, తొయ్యడం ఒక్కటే గుర్తుండిపోతుంది.

పుట్టుక సంగతికొద్దాం. అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ కేగన్ బృందం నాలుగు నెలల శిశువులకు కొత్త బొమ్మలు, కొత్త వాసనలు, కొత్త గొంతులు పరిచయం చేసి చూసింది. సుమారు 20 శాతం మంది కాళ్లూ చేతులూ గట్టిగా కొట్టుకుని ఏడ్చారు. మిగతావాళ్ల కంటే వీళ్లే తర్వాత కొత్తచోట్ల ఎక్కువగా బెరుకు చూపించారు, అందరూ కాదు. అంతకుముందే, 1956లో న్యూయార్క్‌లో మొదలైన అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్‌ల అధ్యయనంలో, కొత్తదానికి నెమ్మదిగా అలవాటుపడే పిల్లలు 15 శాతం దాకా తేలారు. వీళ్లు అలవాటుపడని పిల్లలు కాదు, టైమ్ తీసుకునే పిల్లలు. మీ పాప ఈ కోవలోది అయి ఉండవచ్చు. ఆ స్వభావాన్ని మార్చాలని పట్టుబట్టడం దండగ.

మార్చగలిగేది ఇంకొకటుంది. ఆస్ట్రేలియాలో రొనాల్డ్ రేపీ బృందం, బెరుకు బాగా ఎక్కువున్న బడి ఈడు రాని పిల్లల తల్లిదండ్రులకు ఆరు తరగతులు పెట్టింది. పిల్లల్ని తరగతులకు పిలవనే లేదు. పిల్లల్ని అతిగా కాచుకోవడం తగ్గించడం, కొత్తవాటికి మెట్టు మెట్టుగా అలవాటు చెయ్యడం పెద్దలకు నేర్పారు. ఏడాది తర్వాత చూస్తే, ఆ తరగతులు లేనివాళ్ల పిల్లలతో పోలిస్తే వీళ్ల పిల్లల్లో ఆందోళన జబ్బులు తక్కువగా ఉన్నాయి. బెరుకు స్వభావంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. 2005లో ప్రచురించిన ఈ ఫలితమే మీవారి ‘అదే పోతుంది’కి కూడా జవాబు. బెరుకు పోకపోవచ్చు. దానితో ఎలా మసలుకోవాలన్నది మాత్రం నేర్పితే వస్తుంది.

ఇక నామవాచకం. నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. సూసన్ గెల్మన్, గెయిల్ హేమన్ 1999లో అయిదేళ్ల, ఏడేళ్ల పిల్లల మీద ఒక పరిశోధన ప్రచురించారు. ఒక పిల్ల క్యారెట్లు వీలైనప్పుడల్లా తింటుందని కొందరికి చెప్పారు. ఇంకొందరికి ఆ పిల్ల ‘క్యారెట్లు తినేది’ అని, ఆ పనినే ఆమెకు ఒక పేరుగా చేసి చెప్పారు. విషయం ఒకటే. పేరుగా విన్న పిల్లలు మాత్రం, ఆ గుణం గట్టిదని, ముందు ముందు కూడా మారదని ఎక్కువగా అనుకున్నారు. మన భాషలో ఇలాంటి పేర్లకు కొదవ లేదు: తిండిపోతు, మొండిఘటం, ఏడుపుగొట్టు, పిరికిపంద, సోమరిపోతు, సిగ్గరి. ముద్దుగా అన్నా తిట్టుగా అన్నా మాట చేసే పని ఒక్కటే. చేసిన పనిని తీసి మనిషికి అంటిస్తుంది.

అదృష్టవశాత్తూ విరుగుడు కూడా మన భాషలోనే ఉంది. ఆకలేసింది, భయమేసింది, నవ్వొచ్చింది, సిగ్గేసింది. వీటిలో మనిషి కర్త కాదు. ఆ భావం వచ్చి తగులుతుంది, కాసేపుండి పోతుంది. ఆకలేసినవాణ్ణి ‘ఆకలిగాడు’ అనం కదా. పాప ‘నేను సిగ్గరిని’ అన్నప్పుడు ‘కాదమ్మా, నువ్వు సిగ్గరివి కావు’ అనకండి. అలా వాదిస్తే అదే పేరు ఇంకోసారి వినిపించినట్టు, పైగా ఆమె తన గురించి చెప్పుకున్నది తప్పన్నట్టు. ‘ఆంటీ ఒక్కసారిగా అడిగేసరికి సిగ్గేసిందా? కాసేపాగితే పోతుందిలే’ అనండి. ఆమె మాటను కొట్టెయ్యలేదు, నామవాచకాన్ని విప్పి క్రియ చేశారంతే. పక్కన ఒక గడువు కూడా పెట్టారు.

‘నువ్వు ధైర్యవంతురాలివి’ అని ఎదురు పేరు పెట్టబుద్ధవుతుంది. వద్దు. మంచి పేర్లు పనిచెయ్యవని కాదు. ‘సాయం చెయ్యడం’ అనే బదులు ‘సాయం చేసేవాళ్లు అవ్వడం’ గురించి మాట్లాడితే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఎక్కువ సాయం చేశారని 2014లో ఒక పరిశోధన తేల్చింది. నాలుగేళ్ల తర్వాత వచ్చిన ఇంకో పరిశోధన చిక్కెక్కడుందో చూపించింది. పేరు తగిలించిన పిల్లలు చేసిన సాయం బెడిసికొడితే, మళ్లీ సాయానికి ముందుకు రావడం తగ్గింది. ధైర్యవంతురాలు అనిపించుకున్న పిల్ల మర్నాడు మాట్లాడలేకపోతే ఏమవ్వాలి? పేరు అబద్ధమవ్వాలి, లేదా తాను అబద్ధమవ్వాలి.

ఇప్పుడు పనులు. మొదటి వారం ఏదీ మార్చకండి. ఫ్రిజ్ తలుపుకో, క్యాలెండర్ పక్కనో ఒక కాగితం అతికించి, పాప వింటుండగా ‘సిగ్గరి’ లేదా దాని చుట్టాలైన మాటలు (‘దానికి మాటలు రావు’, ‘ఇది ఇంట్లోనే పులి’) ఎవరన్నా ఒక్కో గీత గీయండి. ఏడు రోజులు. ఎవరన్నారో రాయొద్దు, రాస్తే అది ఇంట్లో గొడవకు దారితీస్తుంది. వారం చివర గీతలు లెక్కపెట్టండి. అత్తగారికీ మీవారికీ ఉపన్యాసం ఇవ్వడం కంటే ఆ కాగితం చూపించడం మేలు. ఎక్కువ గీతలు మీవే అవుతాయనుకుంటున్నాను, ఎందుకంటే సర్దిచెప్పే బాధ్యత మీదే. నిజానికి ‘మా పాప సిగ్గరి అండీ’ అన్న వాక్యం పాప గురించి కాదు, మీ మొహమాటం గురించి. వచ్చినవాళ్ల మనసు నొవ్వకూడదని అనే మాట అది. దాని బదులు ‘ఇప్పుడే కదా వచ్చారు, కాసేపుంటే తనే వస్తుంది’ అని, వెంటనే మాట మార్చి పెద్దవాళ్లతో కబుర్లలో పడిపోండి. పాప మీద నుంచి అందరి చూపూ తొలగాలి. అసలు ఉపశమనం అదే.

వచ్చేవాళ్లకు వీలైతే ముందే చెప్పండి. మొదటి పది నిమిషాలు పాపను ఏమీ అడగొద్దు. మొహంలో మొహం పెట్టి చూడొద్దు. ఆమె ఆడుకుంటున్న చోటికి కాస్త దూరంగా, పక్కకు తిరిగి కూర్చుని, ఆమె చేస్తున్నదాని గురించి ఒకటి రెండు మాటలు తమలో తాము అనుకున్నట్టు అనాలి: ‘అబ్బ, టవరు ఎంత ఎత్తు కట్టారో.’ ప్రశ్న కాదు, జవాబు అక్కర్లేదు. ఆ తర్వాత ఒక ప్రశ్న, అదీ రెండింట్లో ఒకటి ఎంచుకునేది: ‘పైన పెట్టాల్సింది ఎర్రదా, నీలందా?’ అవునా కాదా అని అడిగితే తలూపి ఊరుకుంటుంది, మాట రాదు. ‘స్కూలెలా ఉంది?’ లాంటిది అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక బిగుసుకుపోతుంది. ‘నీ పేరేంటి?’ అన్నది వినడానికి సులువు గానీ నిజానికి కష్టం. అందరి చూపూ తన మీద ఉండగా తన గురించే చెప్పాలి కదా.

అడిగాక అయిదు సెకన్లు ఆగండి. మనసులో ఒకటి నుంచి అయిదు దాకా నింపాదిగా లెక్కపెట్టండి. అయిదు సెకన్లు ఎంత పొడుగో అప్పుడు తెలుస్తుంది. ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పిల్ల నోరు తెరిచేలోపే తల్లి జవాబు చెప్పేస్తుంది. మీరు చెప్పగానే పాపకు ఆ బిగువంతా దిగిపోతుంది, మీకూ దిగిపోతుంది. ఇద్దరికీ హాయిగా ఉంటుంది కాబట్టే ఈ అలవాటు గట్టిపడుతుంది. ‘నేను ఆగితే అమ్మ చెబుతుంది’ అన్నది ఆమె నేర్చుకున్న పాఠం. అయిదు సెకన్లలో జవాబు రాకపోతే అదే ప్రశ్న ఇంకోసారి, ఇంకా చిన్నది చేసి అడిగి మళ్లీ అయిదు సెకన్లు ఆగండి. అప్పటికీ రాకపోతే ‘సరే, తర్వాత చెబుదువుగానిలే’ అని వదిలెయ్యండి, మొహం చిన్నబుచ్చకుండా. మూడోసారి అడగొద్దు, మీరు చెప్పెయ్యొద్దు. గొణిగినా, మీ చెవిలో చెప్పినా, అది జవాబే. ‘గట్టిగా చెప్పు’ అంటే ఉన్నది కూడా పోతుంది. చెప్పినప్పుడు చప్పట్లు కొట్టకండి, అది మళ్లీ అందరి కళ్లనూ ఆమె మీదికి తెస్తుంది. ‘నువ్వు నీలందన్నావుగా, అదే పెట్టాం’ అన్నట్టు, ఆమె మాటకు పని జరిగిందని తెలిస్తే చాలు.

దీనితోపాటు మెట్లు కట్టాలి. కాగితం మీద ఆరో ఏడో మెట్లు రాసుకోండి, పాపతో కలిసి రాస్తే ఇంకా మంచిది. ఉదాహరణకు: మీ పక్కన నిలబడి ఇంటికొచ్చినవాళ్లకు చెయ్యి ఊపడం, ఒక వస్తువు తీసుకెళ్లి వాళ్ల చేతికివ్వడం, ఇస్తూ ‘ఇదిగోండి’ అనడం, ఎంచుకునే ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు, మీరు పక్కనే ఉండగా అంగట్లో తనకు కావాల్సింది తనే అడగడం, మీరు గుమ్మంలో ఉండగా పక్కింటికి వెళ్లి ఒక కబురు చెప్పి రావడం, తనే ఒక ప్రశ్న అడగడం. వారానికి మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాల పనే. ఒక మెట్టు ఆమెకు విసుగు పుట్టేదాకా అదే చెయ్యాలి. విసుగు వచ్చిందంటే భయం పోయిందన్నమాట. ఒక్కసారి బాగా చెయ్యగానే రెండు మెట్లు దూకించడం అందరూ చేసే పొరపాటు. అక్కడ బెదిరి వెనక్కి వస్తే, తప్పించుకుంటేనే ప్రాణం హాయి అన్న పాఠం బలపడుతుంది. అలా జరిగితే తిట్టకుండా, ఓదార్పు పేరుతో అసలు మానిపించకుండా, కింది మెట్టులో ఏదో ఒకటి చేయించి ఇంటికి రండి. కనీసం చెయ్యి ఊపించండి.

ప్రతి మెట్టుకూ ముందు ఇంట్లో బొమ్మలాట ఆడండి. పాప వచ్చిన చుట్టంగా, మీరు దాక్కునే పిల్లగా. చుట్టం స్థానంలో నిలబడి, దాక్కున్న పిల్లను పలకరించడం ఎంత కష్టమో, పిల్ల తొంగిచూస్తే ఎంత బాగుంటుందో ఆమెకే తెలుస్తుంది. మీడ్ చెప్పిన వేషాల ఆట ఇదే. వారంలో రెండు మూడుసార్లు ముగ్గురు నలుగురు కలిసి వంతులవారీగా ఆడే ఆట ఏదైనా ఒక పావుగంట పెట్టుకోండి. బెరుకున్న పిల్లలకు ఇలాంటి ఆటలు భలే నప్పుతాయి. ఎప్పుడు మాట్లాడాలో, ఏం అనాలో ఆట నియమమే చెబుతుంది. ఇంట్లోవాళ్లతో బాగా అలవాటయ్యాక బయటి మనిషిని ఒకరిని కలుపుకోండి.

రాత్రి పడుకునే ముందు అయిదు నిమిషాలు ఆ రోజు జరిగిన ఒక్క సంగతి గురించి మాట్లాడుకోండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, పిల్లలు తమ గురించి తాము చెప్పుకునే కథ తయారయ్యేది ఎక్కువగా ఇలాంటి ముచ్చట్లలోనే. ఎవరు, ఎక్కడ, తర్వాతేమైంది, అప్పుడెలా అనిపించింది అని అడగండి. ఆమె చెప్పినదానికి ఒక వివరం జోడించి తిరిగి ఆమెకే అందించండి. ‘మొదట నా వెనకున్నావు. గుండె దడదడలాడిందా? తర్వాత బొమ్మ పట్టుకెళ్లి ఇచ్చావు. అప్పుడాయన ఏమన్నాడు?’ దడ కూడా కథలో ఉండాలి, ఆ తర్వాత చేసిన పనీ ఉండాలి. చివర్లో ‘చూశావా, భయపడాల్సిందేం లేదు’ అని నీతి చెప్పారంటే మర్నాటి నుంచి ఆమె ముచ్చట చెప్పడం మానేస్తుంది.

బాబు సంగతి. అక్క సిగ్గరి అయితే తమ్ముడు మాటకారి అవుతాడు. ఇళ్లలో పేర్లు జంటలుగా పంచుతారు. ‘వీడు మాత్రం ఎవరితోనైనా కలిసిపోతాడు’ అన్నది అతనికి మెప్పులా వినిపిస్తుంది. అక్కకు మాత్రం తన పేరే ఇంకోసారి వినిపిస్తుంది. గీతల కాగితంలో దీన్నీ లెక్కెయ్యండి. స్కూల్లో టీచరును ఒక్కటే కోరండి: రోజుకోసారి, తప్పకుండా తెలిసిన జవాబుకు, ముందే ‘తర్వాత నిన్ను అడుగుతాను’ అని పాప చెవిలో వేసి, అడగమనండి. చెయ్యెత్తడం దాని తర్వాత వస్తుంది.

ఇప్పుడే మొదలుపెట్టమనడానికి ఒక కారణముంది. అయిదారేళ్ల పిల్లలు తమను గురించి చెప్పమంటే చేసే పనులు, ఉన్న వస్తువులు చెబుతారు: గెంతగలను, నాకు సైకిలుంది. తోటివాళ్లతో పోల్చి తమకు తాము మార్కులేసుకోవడం ఏడెనిమిదేళ్లకు గానీ బలపడదు. అప్పటికి ‘సిగ్గరిని’ అన్న మాట ఇంకా మిగిలి ఉంటే, క్లాసులోని ప్రతి మాటకారి పిల్లా దానికి రుజువులా కనిపిస్తుంది. మార్పు వారాల్లో కాదు, నెలల్లో చూడండి. కొత్తచోట మొదటి పది నిమిషాలు ఆమె ఎప్పటికీ వెనకే ఉండవచ్చు. పదకొండో నిమిషం ఎలా ఉందన్నదే లెక్క.

డాక్టరును ఎప్పుడు కలవాలంటే, ఇంట్లో మాట్లాడే పిల్ల స్కూల్లో నెలకు పైగా అసలు నోరు తెరవకపోతే (స్కూల్లో చేరిన మొదటి నెల లెక్కలోకి రాదు), అది ఉత్త బిడియం కాకపోవచ్చు, కొన్ని చోట్ల మాత్రమే మాట ఆగిపోయే ఒక రకం ఆందోళన కావచ్చు. దానికి ప్రత్యేక చికిత్స ఉంది, ఆలస్యం చెయ్యకూడదు. ఇంట్లో కూడా మాట తగ్గిపోవడం, పిలిస్తే పలక్కపోవడం, స్కూలు రోజుల్లో మాత్రమే కడుపునొప్పి అనడం వంటివి ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి, ముందు వినికిడి పరీక్ష చేయించండి. టీచరుకు జవాబిచ్చే, ఇద్దరు స్నేహితులున్న మీ పాప విషయంలో ఇవేవీ కనిపించడం లేదు.

పక్కింటావిడతో రేపే ఒక మాట చెప్పి ఉంచండి. ఈసారి వచ్చినప్పుడు పాపను పేరడగొద్దు, ఆ రోజు అన్న మాట గుర్తుచేసి నవ్వొద్దు. చేతిలో ఏదైనా పట్టుకొచ్చి, ‘ఇది అమ్మకివ్వనా, తమ్ముడికివ్వనా?’ అని పాపను అడిగి, అయిదు లెక్కపెట్టమనండి.